చదివిన దినముననే చేసినవాడు: జార్జి ముల్లరు జీవితము

ధ్యాన భాగము: యాకోబు 1:22-25



సాయంకాలము పనినుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, భోజనమునకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒక అధ్యాయము చదివి ప్రార్థించుట మన క్రైస్తవ గృహములలో మంచి ఆచారము. చదువు వచ్చిన పిల్లవాడు గట్టిగా చదువును, పెద్దలు తలవంచి విందురు. ప్రార్థన ముగియగానే గ్రంథము గూటిలోనికి పోవును, అన్నము వడ్డింపబడును. అయితే ఆ చదివిన అధ్యాయము మరునాడు మనతోకూడ పొలమునకు వచ్చుచున్నదా, అంగడికి వచ్చుచున్నదా, గట్టు తగవులో పొరుగువానితో మాట్లాడునప్పుడు మన ప్రక్కను నిలుచుచున్నదా అని అడిగినయెడల మనలో అనేకులము జవాబు చెప్పలేము. కాపరి పనిలోనున్న మేమును ఆ అనేకులలో ఒకరమే. ఆదివారపు ప్రసంగముకొరకు వాక్యమును వెదకుట మాకు అలవాటు. మా కొరకు వెదకుట అంత అలవాటు కాలేదు.

అద్దములో ముఖము చూచుకొని, వెళ్లి, తానెట్టివాడో వెంటనే మరచిపోవు మనుష్యుని గూర్చి అపొస్తలుడైన యాకోబు వ్రాసెను. ఈ నెల మేము చెప్పబోవు జీవితము ఆలాగు మరచిపోని ఒక మనుష్యునిది. ఆయన పేరు జార్జి ముల్లరు. ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణములో వేలకొలది అనాథ బిడ్డలను పోషించిన ప్రార్థనా వీరుడుగా మనము ఆయనను ఎరుగుదుము. అయితే ఆ ప్రార్థనలకు మూలము ఎక్కడనుండెనో తెలిసినవారు తక్కువ. అది ఆయన బైబిలు చదివిన విధములో నుండెను.

ముల్లరుగారు 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములోని క్రొప్పెన్‌స్టెట్ అను ఊరిలో పుట్టెను. తండ్రి పన్నులు వసూలుచేయు ఉద్యోగి. పదియేండ్లు నిండకమునుపే ఆ బాలుడు తండ్రి తెచ్చి ఉంచిన సర్కారు సొమ్మును దొంగిలించుటకు అలవాటుపడెను. ఆయనకు 14 ఏండ్ల వయస్సున తల్లి మరణించెను. ఆమె మరణపడకమీద నున్న రాత్రి, ఆ సంగతి తెలియక, ఆయన రెండు గంటలవరకు పేకాటలో నుండెను. 16 ఏండ్లప్పుడు పూటకూళ్ల ఇండ్లలో బసచేసి, బాకీ చెల్లింపక పారిపోవ యత్నించి, మూడు వారములకు పైగా చెరసాలలో నుండెను. తండ్రి వచ్చి డబ్బు కట్టి విడిపించెను, ఇంటికి తెచ్చి కొట్టెను. కుమారుడు పాదిరియై సుఖమైన జీతముతో జీవించి, ముసలితనమున తనకు చోటియ్యవలెనని ఆ తండ్రి ఆశించెను. ఆలాగు దేవుని సేవకు సిద్ధపడుచున్న ఆ విద్యార్థియొద్ద ఇంచుమించు 300 పుస్తకములుండెనుగాని వాటిలో బైబిలు లేకుండెను.

1825లో ఆయన హాలె విశ్వవిద్యాలయములో వేదాంతము చదువుచుండెను. ఆ నవంబరు నెలలో ఒక శనివారము సాయంకాలము స్నేహితుడొకడు ఆయనను ఒక వర్తకుని ఇంట జరుగు చిన్న కూటమునకు తీసికొనిపోయెను. అక్కడ పాటపాడిరి, ఒక అధ్యాయము చదివిరి. అభిషిక్త గురువు లేనిచోట వాక్యమును వివరించుటకు ఆ దేశపు చట్టము ఒప్పుకొననందున అచ్చువేసిన ప్రసంగమొకటి చదివిరి. ఒక సహోదరుడు మోకాళ్లూని ప్రార్థించెను. మోకాళ్లమీద నుండి ప్రార్థించు మనుష్యుని ముల్లరుగారు అంతకుమునుపు చూచియుండలేదు. వేదాంత విద్యార్థియైన తానుకూడ ఆ చదువులేని మనుష్యునివలె ప్రార్థింపలేనని ఆయనకు తోచెను. ఆ రాత్రి ఆయన హృదయమున పుట్టిన సంతోషము ఎన్నడును ఆరిపోలేదు. పాత స్నేహములు, అబద్ధములు, త్రాగుడు ఒక్కొక్కటిగా విడిచిపోయెను.

అయినను మొదటి సంవత్సరములలో ఆయన దేవుని గ్రంథముకంటె దేవునిగూర్చి మనుష్యులు వ్రాసిన గ్రంథములనే ఎక్కువగా చదివెను. అందువలన తాను ఎదుగక పోయితినని తరువాత ఒప్పుకొనెను. 1829లో ఆయన లండనునకు వచ్చి, యూదులకు సువార్త ప్రకటించు ఒక సంఘముతో చేరెను. జబ్బుపడి, గాలి మార్పునకై సముద్రతీరమునున్న టెయిన్‌మత్ అను ఊరికి వెళ్లినప్పుడు, బైబిలును మాత్రమే కొలబద్దగా పట్టుకొనవలెనని నేర్చుకొనెను. హెన్రీ క్రెయికు అను స్నేహితుడును అక్కడనే దొరికెను. అప్పటినుండి చదివినదానిని చేసి చూచుట ఆయన పద్ధతియాయెను.

ఆ ఊరిలో ఒక చిన్న సంఘమునకు ఆయన కాపరి యాయెను. 1830 అక్టోబరు 7న మేరీ గ్రోవ్సు అను సహోదరిని వివాహము చేసికొనెను. ఆయన జీతము సంవత్సరమునకు 55 పౌండ్లు. ఆ జీతము గుడిలోని బల్లల అద్దెవలన వచ్చుచుండెను. డబ్బిచ్చినవారికి మంచి బల్ల, లేనివారికి మిగిలిన చోటు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదువగా, బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచిచోటు చూపి బీదవానిని దూరముగా నిలువబెట్టుట తన గుడిలోనే జరుగుచున్నదని ఆయనకు కనబడెను. ఆ వాక్యమును గూర్చి గొప్ప ప్రసంగము చేసి ఊరకుండుట సులభమే. ఆయన ఆలాగు చేయక బల్లల అద్దెను తీసివేసెను. అద్దెతోకూడ జీతమును పోయెను. పెండ్లియై నెలయైనను కాలేదు.

ఇష్టమున్నవారు వేయుటకు గుడిలో ఒక పెట్టె పెట్టిరి. ఆ పెట్టెను వారమున కొకసారి తెరువవలసిన పెద్దలు ఒక్కొక్కప్పుడు అయిదు వారములవరకు తెరువకుండిరి. ఇంటిలో రొట్టె నిండుకొనినను, పెట్టె తెరువుడని ఆయన వారిని అడుగలేదు. దేవుని అడిగెను. లూకా 12:33ను చదివి, ఆ దంపతులు తమకున్న కొద్దిపాటిని అమ్మి ఇచ్చివేసిరి. ఆలాగు చేసినందుకు ఎన్నడును చింతపడలేదని ఆయన వ్రాసియుంచెను.

ఆయనను అన్నిటికంటె గట్టిగా పట్టుకొనిన వాక్యము రోమా 13:8. ప్రేమ అను బాకీ తప్ప మరి ఏ బాకీయు మనకు ఉండరాదని పౌలు అక్కడ బోధించుచున్నాడు. పూటకూళ్లవారిని మోసగించి చెరసాలకు పోయినవాడు ఆ మాటను ఎట్లు చదివియుండునో మనము ఊహింపవచ్చును. అప్పటినుండి తనకొరకు గాని, బిడ్డలకొరకు గాని, దేవుని పనికొరకు గాని ఆయన అప్పుచేయలేదు. రొట్టెలవానికి, పాలవానికి వారమున కొకసారి లెక్కచూచి ఇచ్చుట ఆ దేశమున వాడుక. వారాంతమున డబ్బు లేనియెడల అది అప్పగును గనుక, ఆ వాడుకనుకూడ మాని, కొనిన ప్రతి వస్తువునకు అప్పటికప్పుడే వెల చెల్లించెను.

ఇక్కడ మా సంగతి చెప్పుట న్యాయము. కొన్ని ఏండ్ల క్రిందట మేము ఊరి దుకాణములో ఖాతా పెట్టి సరకులు తెచ్చుకొనుచుంటిమి. పండుగకు బట్టలు, చుట్టములు, పిల్లల పుస్తకములు అని ఆ ఖాతా పెరిగిపోయెను. ఒక ఆదివారము రోమా పత్రిక 13వ అధ్యాయముమీద బోధించి, సోమవారమున ఆ దుకాణము ఎదుట పోవుటకు సిగ్గుపడి చెరువుకట్టమీదుగా చుట్టుదారిని పోయితిమి. ఆ దుకాణదారుడు మన గుడికి వచ్చువాడు కాడు. అతడు బైబిలు చదువలేదుగాని మా పేరుననున్న పుటను ప్రతిదినము చదువుచున్నాడని చెరువుకట్టమీద మాకు తోచెను. ఆ రాత్రి మా ఇంటివారితో కూర్చుండి లెక్క చూచుకొంటిమి. ఆ సంవత్సరము క్రిస్మసుకు ఇంటిలో ఎవరికిని క్రొత్తబట్టలు లేవు. పిల్లలు ఏడ్చిరి. ఏడు నెలలకు బాకీ తీరెను. అతడు ఆ పుటకు అడ్డముగా గీత గీసినప్పుడు మేము అతని ముఖము తిన్నగా చూడగలిగితిమి. జబ్బుకో విత్తనములకో గతిలేక అప్పుచేసినవారిని నిందించుటకు దీనిని వ్రాయుటలేదు. తీర్చగలిగియుండియు తీర్చని మావంటివారికొరకు వ్రాయుచున్నాము.

1832లో ముల్లరుగారును క్రెయికుగారును బ్రిస్టలు పట్టణమునకు వచ్చిరి. 1834 మార్చి 5న వారు లేఖన జ్ఞానమును వ్యాపింపజేయుటకు ఒక సంస్థను స్థాపించిరి. పాఠశాలలు నడుపుట, బైబిళ్లు పంచుట, మిషనరీలకు సహాయము చేయుట దాని పని. అప్పు చేయకూడదనుట దాని నియమములలో ఒకటి. కాపరిగా ఇండ్లు దర్శించునప్పుడు విశ్వాసుల భయము ఆయనను బాధించెను. దినమునకు 14, 16 గంటలు కష్టపడుచు, దేహమును ఆత్మను ఎండిపోవుచున్న ఒక సహోదరునితో ఆయన మాటలాడెను. పని కొంత తగ్గించుకొని వాక్యమునకు సమయమియ్యవలెనని చెప్పగా, తగ్గించినయెడల కుటుంబము గడవదని అతడు చెప్పెను. తన పోషణ దేవునివలన గాక తన పనివలననే కలుగుచున్నదని అతని నమ్మకము. వ్యాపారములో అన్యాయమని తెలిసియు మానలేనివారును, ముసలితనమునకు భయపడువారును ఆయనకు ఎదురుపడిరి. ఇట్టివారు కన్నులతో చూచుటకు ఒక సాక్ష్యము కావలెనని ఆయన కోరెను. బీదవాడైన ఒకడు మనుష్యులను అడుగక, దేవుని మాత్రమే అడిగి అనాథలను పోషించినయెడల దేవుడు నమ్మదగినవాడని తెలియును గదా. హాలెలో ఫ్రాంకె అను దైవజనుడు పూర్వము స్థాపించిన అనాథాశ్రమము ఆయన జ్ఞాపకములో నుండెను.

1835 డిసెంబరు 5 సాయంకాలము ఆయన 81వ కీర్తన చదువుచుండెను. పదవ వచనములో, నోరు బాగుగా తెరచువానిని నింపుదునని దేవుడు వాగ్దానము చేయుచున్నాడు. ఆ కీర్తన మనమును ఎన్నిసార్లో చదివితిమి. ఆయన మాత్రము చదివి, అక్కడనే మోకాళ్లూని, ఒక ఇల్లు, 1,000 పౌండ్లు, బిడ్డలను చూచుకొనుటకు తగినవారు కావలెనని అడిగెను. రెండు దినములకు మొదటి కానుక వచ్చెను. అది ఒక షిల్లింగు. పూర్తి 1,000 పౌండ్లు వచ్చుటకు 18 నెలలు పట్టెను. ఆ మధ్యకాలమున ప్రతిదినము ప్రార్థించెను.

ఇందులో ఒక వింత జరిగెను. ఇల్లు సిద్ధమాయెను, మంచములు వచ్చెను, పనివారు దొరికిరి. 1836 ఫిబ్రవరి 3న బిడ్డలను చేర్చుకొనుటకు దరఖాస్తులు తీసికొందుమని తెలియజేసిరి. ఆ దినమున ఒక్కరును రాలేదు. అన్నిటికొరకు ప్రార్థించినవాడు బిడ్డలు వత్తురులే అనుకొని బిడ్డలకొరకు ప్రార్థింపలేదు! ఆ సాయంకాలము ఆయన తన్ను తగ్గించుకొని ప్రార్థించెను. మరునాడే మొదటి దరఖాస్తు వచ్చెను. ఏప్రిలులో విల్సన్ వీధిలోని 6వ నంబరు ఇంటిలో ఆడబిడ్డల ఆశ్రమము ప్రారంభమాయెను. మనము తేలిక అనుకొనినదానినే వాక్యమునకు వెలుపల ఉంచుదుము గనుక ఈ సంగతి మరువదగినది కాదు.

1838 మొదలు కొన్ని ఏండ్లు కఠినముగా నుండెను. ఉదయమునకు ఉండి సాయంకాలమునకు లేని దినములు, పనివారు తమ స్వంత డబ్బు తెచ్చి ఇచ్చిన దినములు అనేకములు గడచెను. 1841 డిసెంబరులో ఏటేట జరుగు బహిరంగ సభకు సమయము వచ్చెను. ఆ సభలో లెక్కలు చదువుదురు. విన్నవారు జాలిపడి కానుకలిత్తురు. చేతిలో డబ్బులేని సమయమది. మనమైతే సభను ముందుకు జరుపుకొందుము. ఆయన వాయిదా వేసెను. తన అవసరము దేవునికి మాత్రమే చెప్పుదునని నిశ్చయించుకొనినవాడు, లెక్కల చాటున మనుష్యులకు చెప్పకూడదని ఆయన భావము.

ఆ 1841లోనే ఆయన తన ఉదయకాలపు పద్ధతిని మార్చుకొనెను. అంతకుమునుపు లేవగానే ప్రార్థనకు మోకాళ్లూనెడివాడు, మనస్సు నిలువక చాలసేపు తిరుగులాడెడిది. అప్పటినుండి మొదట గ్రంథము తెరచి, కొద్ది వచనములు నిదానముగా చదువుచు ఆలోచించెను. ప్రసంగముకొరకు కాదు, తన ఆత్మకు ఆహారముకొరకు. ఆలాగు చదువుచుండగానే ఒప్పుకోలో, కృతజ్ఞతయో, విజ్ఞాపనయో దానంతట అదే ప్రార్థనగా మారెను. పాత నిబంధనలో ఒక భాగము, క్రొత్త నిబంధనలో ఒక భాగము వరుసగా చదివి, జీవితకాలములో నూరుసార్లకు పైగా బైబిలును ముగించెను.

అట్లు చదివినది అవసరకాలమున చేతికి వచ్చెను. విల్సన్ వీధిలోని పొరుగువారొకరు బిడ్డల అల్లరినిగూర్చి 1845లో ఫిర్యాదు చేసిరి. దేవుని పనికి అడ్డుపడుచున్నారని ఆయన కోపపడలేదు. వారి మాట న్యాయమేనని ఒప్పుకొని, ఊరి వెలుపల ఆష్లీ డౌన్ అను మెరకమీద ఇల్లు కట్టుటకు ప్రార్థింప మొదలుపెట్టెను. 1849లో బిడ్డలు అక్కడికి మారిరి. 1857 నవంబరులో ఆ ఇంటిని వెచ్చచేయు బాయిలరు కారసాగెను. మరమ్మతుకు మంట ఆర్పవలెను. అప్పుడే చల్లని ఉత్తరపు గాలి మొదలాయెను, ఇంటిలో 300 మంది బిడ్డలు. నెహెమ్యా కాలమున జనులకు పనిచేయ మనస్సు కలిగెనని 4వ అధ్యాయములో ఉన్నది. గాలి దక్షిణమునకు తిరుగవలెననియు, పనివారికి నెహెమ్యా పనివారి మనస్సు కలుగవలెననియు ఆయన అడిగెను. నిర్ణయించిన దినమున దక్షిణపు గాలి వీచెను. సాయంకాలము పనివారు తామే రాత్రియంతయు పనిచేయుదుమని చెప్పిరి. గోడ కట్టినవారి కథ బాయిలరు గదిలో పనికివచ్చునని మనకు తోచియుండునా?

మన తెలుగు దేశమునకును ఈ కుటుంబముతో సంబంధమున్నది. ముల్లరుగారి భార్యకు అన్నయైన ఆంటొనీ నోరిస్ గ్రోవ్సుగారు దంతవైద్యమును, దానివలన వచ్చు గొప్ప ఆదాయమును విడిచి మిషనరీయై బాగ్దాదుకును, తరువాత మన దేశమునకును వచ్చెను. 1836లో ఆయన ఇంగ్లాండునుండి తిరిగి వచ్చునప్పుడు విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరిని వారి భార్యలతో వెంటబెట్టుకొని వచ్చెను. వారే నరసాపురము ప్రాంతమున గోదావరి డెల్టాలో సువార్తపని నాటిరి. గ్రోవ్సుగారు 1853లో బ్రిస్టలులో ముల్లరుగారి ఇంటనే ప్రభువునందు నిద్రించెను. ముల్లరుగారు 70వ ఏట దేశసంచారము మొదలుపెట్టి, 1875 నుండి 1892 వరకు అనేక దేశములలో ప్రకటించుచు మన దేశమునకుకూడ వచ్చెను.

ఆష్లీ డౌన్‌మీద 1870 నాటికి అయిదు గొప్ప గృహములు నిలిచి, 2,000 మందికి పైగా బిడ్డలకు చోటు కలిగెను. ఆయన జీవితకాలమున పోషింపబడిన అనాథలు 10,000 మందికి పైగా. పని అంతటికి ఆయన చేతులమీదుగా సుమారు 15 లక్షల పౌండ్లు పోయెను. ప్రతి పైసకు లెక్కవ్రాసి ఏటేట అచ్చువేయించెను. దుఃఖమును ఆయనను విడువలేదు. చిన్న కుమారుని, ఇద్దరు భార్యలను, ఏకైక కుమార్తెను సమాధి చేయగా చూచెను. 1898 మార్చి 9 సాయంకాలము ప్రార్థన కూటము నడిపి, మరునాటి ఉదయమున తన గదిలో 92వ ఏట ప్రభువునొద్దకు వెళ్లెను. ఆయన విడిచిన ఆస్తి పుస్తకములు, సామానుతోకూడ ఇంచుమించు 160 పౌండ్లు.

ప్రియులారా, ఈ జీవితమును రెండు విధములుగా తప్పుగా చదువవచ్చును. ముల్లరుగారికి ప్రత్యేకమైన విశ్వాసవరముండెను, మనకు లేదు అనుట ఒకటి. దీనిని ఆయనే ఒప్పుకొనలేదు. ప్రతి విశ్వాసికిని ఇయ్యబడిన విశ్వాసమే తనదనియు, అది వాడుకవలన పెరిగెననియు ఆయన సాక్ష్యము. పనిమాని కూర్చుండి దేవుడు ఇచ్చునని కనిపెట్టుట రెండవది. ఆయన తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు పనిచేసెను. మనమందరము అనాథాశ్రమములు పెట్టవలెనని ఇందులో పాఠము లేదు. చదివిన వాక్యము నేడు నా ఇంటిలో, నా అంగడిలో, నా గట్టుమీద ఏమి అడుగుచున్నదని కనుగొని దానిని చేయవలెననుటయే పాఠము.

కాబట్టి ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక్క పని చేయుదము. అధ్యాయము చదివిన తరువాత గ్రంథమును వెంటనే మూయక, రేపు దీనివలన మన ఇంట ఏమి మారవలెనని ఇంటిపెద్ద అడుగవలెను. పిల్లలుకూడ చెప్పవచ్చును. పెద్దలకు కనబడనిది ఒక్కొక్కప్పుడు వారికే కనబడును. ఒక్క సంగతి చాలును. ఇయ్యవలసిన కూలి రేపే ఇయ్యవచ్చును. మాటలు మానిన అన్నదమ్ముని ఇంటికి పోవచ్చును. అరువు తెచ్చిన పార తిరిగి ఇయ్యవచ్చును. మరునాటి రాత్రి గ్రంథము తెరచుటకు ముందు, నిన్నటిది చేసితిమా అని అడుగవలెను. చేయనియెడల సిగ్గుపడి చదువు మానవద్దు. ఒప్పుకొని, అదే అధ్యాయము మరల చదువుడి. మా ఇంటను ఆలాగే చేయ మొదలుపెట్టితిమి. మొదటి రాత్రియే మా చిన్నవాడు మమ్మును అడిగిన ప్రశ్నకు మేము ఇంకను జవాబు వెదకుచున్నాము.

ప్రభువు తన వాక్యమును మనకు చదువుటకు మాత్రమే గాక చేయుటకును కృప దయచేయును గాక. ఆమేన్.